ఫిష్ ట్యాంకులో ఆక్టోపస్: చెన్నై ఇంట్లో లెక్క ఎక్కడ తప్పుతుంది?

క్లుప్తంగా: మామూలు ఆక్టోపస్ జాతులేవీ మన వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలో (రక్షణ ఉన్న జీవుల జాబితాల్లో) లేవు. ఆ మేరకు చట్టం అడ్డు రాదు. ట్యాంకు నీరు సిద్ధం కావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఇళ్లలో ఎక్కువగా పెంచే ఆక్టోపస్ మొత్తం ఆయుష్షే ఏడాది, ఏడాదిన్నర. సముద్రంలో పట్టి తెచ్చినదైతే అందులో ఇంకెంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. చెన్నై వేడి, కరెంటు కోతలు, వేసవిలో వేట నిషేధం ఈ కొద్దిపాటి కాలాన్ని ఇంకా కష్టతరం చేస్తాయి.

ఆసక్తి ఎక్కడిది?

చెన్నైలో అక్వేరియం అనగానే చాలామందికి కొళత్తూరు గుర్తొస్తుంది. వరసగా చేపల దుకాణాలు. గప్పీలు, బెట్టాలు, ఫ్లవర్‌హార్న్‌లు, కోయి కార్ప్‌లు, వాస్తుకు మంచిదని కొనే అరోవానాలు. నగరంలోని తెలుగువాళ్లతో పాటు నెల్లూరు, సూళ్లూరుపేట వైపు వాళ్లకు కూడా దగ్గర్లో ఉన్న పెద్ద చేపల బజారు ఇదే. వ్యాపారంలో ఎక్కువ భాగం మంచినీటి చేపలదే. ఉప్పునీటి చేపలు పెంచే మెరైన్ ట్యాంకు ఖరీదైన సరదా, కొద్దిమందిదే. ఆక్టోపస్‌ది ఆ కొద్దిమందిలో కూడా కొద్దిమంది పెట్టుకునే కోరిక.

ఆ కోరిక పుట్టడానికి కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. 2010 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ సమయంలో జర్మనీలోని ఓబర్‌హౌజన్ అక్వేరియంలో ఉన్న పాల్ అనే ఆక్టోపస్ వరసగా ఎనిమిది మ్యాచ్‌ల ఫలితాలు ‘చెప్పి’ మన టీవీల్లో కూడా హీరో అయింది. 2021లో ఆస్కార్ అందుకున్న ఒక దక్షిణాఫ్రికా డాక్యుమెంటరీలో సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే ఒక ఆక్టోపస్‌కూ మనిషికీ మధ్య ఏర్పడిన అనుబంధాన్ని చూపించారు. 2024లో అమెరికాలోని ఓక్లహోమాలో ఒక కుటుంబం పిల్లాడి ముచ్చట తీర్చడానికి కొన్న ఆక్టోపస్, దాని పిల్లల వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. ఈ మూడు కథల్లోనూ ఆక్టోపస్ తెలివి కనిపిస్తుంది, కాబట్టే జనం చూశారు. దాని వెనక ఉండే నీరు, కరెంటు, మేత ఖర్చు ఏ ఫ్రేములోనూ కనిపించవు.

ఆయుష్షు అనే అసలు చిక్కు

పాల్ సంగతే చూద్దాం. అది 2008 జనవరిలో ఇంగ్లండ్‌లో గుడ్డు నుంచి బయటికొచ్చింది. 2010 జులై 11న వరల్డ్ కప్ ఫైనల్ జరిగింది. అదే ఏడాది అక్టోబరు 26న పాల్ చనిపోయింది. జబ్బు చేయలేదు, ఎవరి పొరపాటూ లేదు. దాని జాతికి ఆ వయసు ముసలితనమే.

ఇళ్లలో పెంచేవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది కాలిఫోర్నియా తీరంలో దొరికే టూ-స్పాట్ ఆక్టోపస్. పగటిపూట కూడా బయటికి వస్తుంది, మనిషికి త్వరగా అలవాటు పడుతుంది. కానీ బతికేది ఏడాది నుంచి ఏడాదిన్నర. ఉత్తర పసిఫిక్‌లో ఉండే భారీ ఆక్టోపస్ మూడు నుంచి ఐదేళ్లు బతుకుతుంది, కానీ అది ఇంట్లో పట్టే ప్రాణి కాదు. సరిగ్గా చూసుకుంటే కోయి కార్ప్ పాతికేళ్లు, అరోవానా పదేళ్లకు పైగా ఉంటాయి. అక్వేరియం పెట్టుకునేవాళ్లు అలవాటుగా వేసుకునే లెక్క ఈ చేపలది. అదే లెక్కతో ఆక్టోపస్‌ను చూస్తే మొదటి అడుగే తప్పుతుంది.

ఆయుష్షు ఇంత తక్కువ కావడానికి కారణం దాని శరీరంలోనే ఉంది. ఎక్కువ ఆక్టోపస్ జాతులు జీవితంలో ఒక్కసారే సంతానం కంటాయి. ఆడది గుడ్లు పెట్టాక తిండి మానేస్తుంది. గుడ్లను శుభ్రం చేస్తూ, వాటి మీదికి నీరు ఊదుతూ కాపలా కాస్తుంది. పిల్లలు బయటికి వచ్చే సమయానికి చిక్కిపోయి చనిపోతుంది. మగది కూడా జత కట్టాక ఎక్కువ కాలం ఉండదు. ఆకలి చచ్చిపోతుంది, చర్మం మీద పుండ్లు పడతాయి, దిక్కు తెలియనట్టు తిరుగుతుంది. 1977లో జెరోమ్ వోడిన్‌స్కీ అనే శాస్త్రవేత్త గుడ్లు పెట్టిన ఆడ ఆక్టోపస్‌ల కళ్ల వెనక ఉండే ఆప్టిక్ గ్రంథులను తీసేశారు. అవి గుడ్లను వదిలేసి మళ్లీ తినడం మొదలుపెట్టాయి, మిగతావాటి కంటే ఎక్కువ కాలం బతికాయి. చావును శరీరమే మొదలుపెడుతోందని దీంతో తేలింది. మందులు వేసినా, నీళ్లు మార్చినా ఆగేది కాదు.

ఓక్లహోమా కుటుంబం తెచ్చుకున్నది టూ-స్పాట్ రకమే. మగదనుకున్నారు, గుడ్లు పెట్టింది. పిల్లలు రావులే అనుకున్నారు, సుమారు 50 పుట్టాయి. ఆడో మగో తెలియని, జత కట్టిందో లేదో తెలియని ప్రాణిని కొనడం అమెరికాలోనే ఇలా ఉంటే, వలలో పడి వచ్చినదాని విషయంలో ఊహించవచ్చు. చేతికొచ్చే ఆక్టోపస్ వయసు మూడు నెలలా, పదమూడు నెలలా అన్నది చూసి చెప్పడం కష్టం. మేత, నీటి వేడి మారితే పెరుగుదల మారిపోతుంది కాబట్టి సైజును బట్టి వయసు కట్టలేం. అమ్మేవాళ్లు సహజంగానే పెద్దదాన్ని ‘మంచి పీస్’ అంటారు. ఆక్టోపస్ విషయంలో పెద్దదంటే చివరి రోజుల్లో ఉన్నదని అర్థం కావచ్చు.

నీరు పండటానికి మూడు నెలలు

ఇటు ట్యాంకు వైపు కాలం ఇంకో రకంగా నడుస్తుంది. ఆక్టోపస్ తినేదంతా మాంసమే, విసర్జించేది ఎక్కువగా అమ్మోనియా. అదే బరువున్న చేప కంటే నీటిని చాలా ఎక్కువ పాడు చేస్తుంది. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఫిల్టర్లో స్థిరపడాలి. మెరైన్ ట్యాంకు పెట్టేవాళ్లు దీన్ని ‘సైకిలింగ్’ అంటారు. మామూలు ఉప్పునీటి చేపలకు నాలుగు నుంచి ఆరు వారాలు చాలు. ఆక్టోపస్‌కు మూడు నెలలైనా పండిన ట్యాంకు కావాలని అనుభవజ్ఞులు చెబుతారు. పాలు తోడుకోకుండానే పెరుగు వడ్డించడం కుదరనట్టే ఇక్కడ తొందర పనికిరాదు. తొందరపడితే ఆక్టోపస్ మొదటి వారంలోనే చనిపోవచ్చు.

దాని రక్తం నీలంగా ఉంటుంది. ఆక్సిజన్‌ను మోసేది మనలో ఇనుము ఉన్న హిమోగ్లోబిన్, దానిలో రాగి ఉన్న హీమోసయనిన్. రెండోది ఆక్సిజన్‌ను అంత బాగా మోయలేదు. ఆ లోటు పూడ్చడానికే మూడు గుండెలు: రెండు మొప్పలకు, ఒకటి ఒంటికి. ఒంటికి రక్తం పంపే గుండె ఆక్టోపస్ ఈదేటప్పుడు ఆగిపోతుంది. అందుకే అది ఈదడం కంటే పాకడానికే ఇష్టపడుతుంది, కాస్త ఈదగానే అలిసిపోతుంది.

చెన్నై వేడి దెబ్బ కొట్టేది ఇక్కడే. 20 డిగ్రీల సముద్రపు నీరు లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. 30 డిగ్రీలకు అది 6.2కు పడిపోతుంది. అదే సమయంలో వేడి పెరిగిన కొద్దీ ఆక్టోపస్ ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. రాబడి తగ్గుతూ ఖర్చు పెరిగే సంసారం లాంటిది. పైగా వేడి నీటిలో అది త్వరగా పెరిగి త్వరగా ముసలిదవుతుంది, అసలే చిన్న ఆయుష్షు ఇంకా కుదించుకుపోతుంది.

కాలిఫోర్నియా రకానికి 18 నుంచి 22 డిగ్రీల నీరు కావాలి. మే నెలలో చెన్నై గదిలో ఏసీ లేకుండా ట్యాంకు నీరు 30 దాటిపోతుంది. కాబట్టి నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పదు. మన తీరంలో దొరికే ఉష్ణమండల జాతులు 26 నుంచి 28 డిగ్రీల్లో సుఖంగా ఉంటాయి. చిల్లర్ మీద భారం తగ్గుతుంది కానీ, అసలు లేకుండా నడవదు.

రాగితో ఇంకో మెలిక ఉంది. రక్తంలో రాగి ఉన్న ఈ జీవికి నీటిలో కరిగిన రాగి విషం. మెరైన్ చేపలకు తెల్ల మచ్చల జబ్బు వస్తే వాడే మందుల్లో చాలావాటిలో రాగే ఉంటుంది. ఒకసారి అలాంటి మందు పడిన ట్యాంకులో రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుని నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంటాయి. చవగ్గా వచ్చిందని పాత మెరైన్ సెట్టును రాళ్లతో సహా కొంటే ఈ ప్రమాదం కూడా వెంట వస్తుంది.

నీరు ఎక్కడి నుంచి?

‘ఊళ్లోనే సముద్రం ఉంది కదా, క్యాన్లలో తెచ్చుకుంటే పోదా’ అన్నది చెన్నైలో సహజంగా వచ్చే ప్రశ్న. కూవం మెరీనాకు ఉత్తరాన, అడయార్ నది దక్షిణాన సముద్రంలో కలుస్తాయి. రెండూ మురుగు మోసే నదులే. ఈశాన్య రుతుపవనాల వానలప్పుడు ఒడ్డు దగ్గర ఉప్పు శాతం పడిపోతుంది. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికినప్పుడు, ఆ తీరం నీరు ఏ అక్వేరియానికీ పనికిరాలేదు. అందుకే ఉప్పు మిశ్రమం కొని ఆర్ఓ నీటిలో కలుపుకోవడమే నమ్మదగిన దారి.

ఒక ఆక్టోపస్‌కు 200 లీటర్ల ట్యాంకు కనీసం అనుకుందాం. వారానికి ఐదో వంతు, అంటే 40 లీటర్లు మార్చాలి. లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున ప్రతిసారీ 1.4 కిలోల ఉప్పు పడుతుంది. మామూలు ఇంటి ఆర్ఓ మిషన్ లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. 2019 వేసవిలో రిజర్వాయర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం క్యూ కట్టిన నగరంలో ఈ లెక్క అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల దాకా వెళ్లినా ఆశ్చర్యం లేదు. బరువు కూడా చూసుకోవాలి. నీరు, గాజు, రాళ్లు, స్టాండు కలిపితే దాదాపు 300 కిలోలు ఒకే చోట నిలుస్తుంది.

కరెంటు బిల్లు, తుఫాను

200 వాట్ల చిల్లర్ రోజుకు 12 గంటలు తిరిగితే 2.4 యూనిట్లు. పంపు, నీటిలోని మలినాలను నురగతో తీసే స్కిమ్మర్ కలిపి 60 వాట్లనుకుంటే, అవి ఆగకుండా నడిచేవి కాబట్టి మరో 1.4 యూనిట్లు. తమిళనాడులో బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది కాబట్టి లెక్క 230 యూనిట్ల దాకా తేలుతుంది. ఇళ్లకు ఉచితంగా ఇచ్చే మొదటి 100 యూనిట్లకు రెండింతలు దాటి, ట్యాంకు ఒక్కటే తాగేస్తుందన్నమాట. స్లాబు మారితే ఇంట్లో మిగతా వాడకం రేటు కూడా పెరుగుతుంది.

బిల్లు కట్టేయొచ్చు. కరెంటు పోవడమే అసలు టెన్షన్. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో చాలా కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇంటి ఇన్వర్టరు ఫ్యాన్లకు, లైట్లకు కొన్ని గంటలు సరిపోతుంది, చిల్లర్‌ను అంతసేపు మోయలేదు. పంపు ఆగిపోతే ట్యాంకులో ఆక్సిజన్ పడిపోవడం మొదలవుతుంది. చాలా చేపలు నీటి పైపొర దగ్గరకొచ్చి కొంతసేపు నెట్టుకొస్తాయి. ఆక్టోపస్‌కు ఆ గడువు తక్కువ. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు లేని ఇంట్లో ఈ ప్రాణికి నవంబరు, డిసెంబరు నెలలు గండమే.

మేత సంగతి

పీతలు, రొయ్యలు, గుల్లలు. చెన్నైలో వీటికి కొదవ లేదని అనిపిస్తుంది, కాసిమేడు హార్బరు ఉంది, పులికాట్ పీతలకు పేరుంది. కానీ తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. నాటు పడవలు తెచ్చే సరుకు మీద అందరూ పడతారు, ధర ఎక్కుతుంది. చిల్లర్ మీద భారం ఎక్కువగా ఉండేదీ ఆ రెండు నెలల్లోనే. ఐసులో పెట్టిన రొయ్యలకు అలవాటు చేయవచ్చు. కొన్ని ఆక్టోపస్‌లు ఒప్పుకుంటాయి, కొన్ని కదిలేదాన్ని తప్ప ముట్టవు. ట్యాంకులో తోడుగా రంగుల చేపలు వేద్దామనుకుంటే అవి కూడా మేతే అవుతాయి. ఇంకో ఆక్టోపస్‌ను వేసినా అంతే. ఒకదాన్ని ఒకటి తినేస్తాయి.

కాసిమేడు నుంచి తెచ్చుకుంటే?

తమిళ మత్స్యకారులు ఆక్టోపస్‌ను ‘పేయ్ కణవాయ్’ అంటారు. కణవాయ్ అంటే మనం కొనే స్క్విడ్, కటిల్‌ఫిష్. పేయ్ అంటే దయ్యం. మరబోట్ల వలల్లో మిగతా సరుకుతో పాటు వచ్చి, ఎక్కువగా ఎగుమతికే పోతుంది. గంటల కొద్దీ వలలో నలిగి, ఐసులో పడ్డ జంతువు ట్యాంకుకు పనికిరాదు. చేతులు తెగితే మళ్లీ మొలుస్తాయి కానీ, లోపలి దెబ్బలు మానడం కష్టం. ఒడ్డున రాళ్ల సందుల్లో చేత్తో పట్టినదైతే కాస్త నయం.

అయితే పట్టింది ఏ జాతి అన్నది తేల్చుకోవాలి. కొబ్బరి చిప్పలు మోసుకెళ్లి వాటిలో దాక్కునే ఆక్టోపస్ గురించి 2009లో ఇండొనేసియా సముద్రంలో చేసిన పరిశీలన పేరుపొందింది. ఆ జాతి మన జలాల్లో కూడా ఉంది. దానితో ప్రాణాపాయం లేదు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో ఉండే నీలి వలయాల ఆక్టోపస్ వేరు. గోల్ఫ్ బంతి అంత ఉంటుంది. మామూలుగా గోధుమ రంగులో అమాయకంగా కనిపిస్తుంది, బెదిరినప్పుడే నీలి వలయాలు మెరుస్తాయి. దాని కాటులో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. విరుగుడు మందు లేదు. ఊపిరి ఆడక చనిపోకుండా, విషం దిగేదాకా కృత్రిమ శ్వాస ఇవ్వడం ఒక్కటే చికిత్స. పేరు తెలియని చిన్న ఆక్టోపస్‌ను ఉత్త చేత్తో పట్టుకోవడం ఈ కారణంగానే తెలివైన పని కాదు.

మూత బిగించకపోతే

2016లో న్యూజిలాండ్‌లోని నేపియర్ అక్వేరియంలో ఇంకీ అనే ఆక్టోపస్ మూత సందులోంచి బయటపడి, నేల మీద పాకి, డ్రైనేజీ గొట్టంలోంచి సముద్రంలోకి వెళ్లిపోయింది. ఒంట్లో ఎముక లేదు. నోటి దగ్గర చిలుక ముక్కులా గట్టిగా ఉండే భాగం దూరేంత కంత ఉంటే ఒళ్లంతా దూరిపోతుంది. ఇంట్లో అయితే వెళ్లడానికి సముద్రం ఉండదు, సోఫా కింద ఎండిపోయి దొరుకుతుంది. మూతకు క్లిప్పులు, పైపు సందులకు స్పాంజి తప్పనిసరి.

తెలివి వల్ల వచ్చే ఇబ్బంది కూడా ఉంది. ఆక్టోపస్‌కు సుమారు 50 కోట్ల నాడీకణాలు ఉంటాయి, ఎలుక మెదడులో 20 కోట్లే. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు చేతుల్లోనే. ఖాళీ ట్యాంకులో దానికి తోచదు. 2008లో జర్మనీలోని కోబర్గ్ అక్వేరియంలో ఒట్టో అనే ఆక్టోపస్ పైనున్న లైటు మీదికి నీళ్లు చిమ్మి షార్ట్ సర్క్యూట్ చేసింది. మూత తిప్పితే తెరుచుకునే సీసాల్లో పీతలు పెట్టి ఇవ్వడం, వస్తువులు మారుస్తుండటం రోజువారీ పనిలో భాగం. ఇంతా చేశాక కూడా చాలా జాతులు రాత్రి తిరిగేవే. పగలు చుట్టాలొచ్చినప్పుడు చూపించడానికి రాతి సందులో ఒక కన్ను తప్ప ఏమీ కనబడకపోవచ్చు.

చట్టం ఏమంటుంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మామూలు ఆక్టోపస్‌ల పేర్లు లేకపోయినా, ఆక్టోపస్ ట్యాంకుకు కావలసిన రాళ్ల దగ్గర అది ఎదురవుతుంది. మెరైన్ ట్యాంకుల్లో వాడే ‘లైవ్ రాక్’ తరచు చచ్చిన పగడపు రాయే. గట్టి పగడాలన్నీ షెడ్యూల్ 1లో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ లాంటి చోట్ల నుంచి తెచ్చిన పగడపు రాయి ఇంట్లో ఉంటే అది నేరం. ఫ్యాక్టరీలో చేసిన సిరామిక్ రాళ్లు వాడితే ఈ బెడద ఉండదు, నీరు పండటానికి మాత్రం ఇంకాస్త సమయం పడుతుంది. విదేశీ జాతిని తెప్పించాలంటే దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రాలు కావాలి.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదాన్నీ జంతువుగానే లెక్కిస్తుంది, కాబట్టి ఆక్టోపస్ కూడా దాని కిందికి వస్తుంది. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఒక్క పీత ధర కూడా అంతకంటే ఎక్కువే. అక్వేరియం దుకాణాల కోసం కేంద్రం 2017లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, వ్యాపారుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చాక వెనక్కి తీసుకుంది.

బయటి దేశాల్లో గాలి మరో వైపు వీస్తోంది. ప్రయోగశాలల్లో జంతువుల రక్షణకు యూరోపియన్ యూనియన్ 2010లో ఇచ్చిన ఆదేశంలో ఆక్టోపస్‌లు, స్క్విడ్‌లు చేరాయి. బ్రిటన్ 2022లో వీటిని బాధ తెలిసే జీవులుగా చట్టంలో గుర్తించింది. 2024లో అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు తిండి కోసం ఆక్టోపస్‌లను ఫారాల్లో పెంచడాన్ని నిషేధించాయి. వీటిలో ఏదీ ఇళ్లలో పెంచుకోవడం గురించి కాదు. కానీ అక్కడి నుంచి సరఫరా ఇకమీదట సులువు కాదనడానికి సూచనలే.

మారే అవకాశం ఉందా?

ట్యాంకులోనే పుట్టిన ఆక్టోపస్ దొరికితే లెక్క చాలావరకు మారుతుంది. వయసు తెలుస్తుంది, ట్యాంకు మేతకు మొదటి నుంచే అలవాటు పడి ఉంటుంది. కష్టం పిల్లల దగ్గరే. చాలా జాతుల్లో తల్లి వేలకొద్దీ చిన్న గుడ్లు పెడుతుంది. పిల్లలు వారాల తరబడి సముద్రంలో తేలుతూ నీటిలోని బుల్లి జీవులను తింటాయి, ఆ దశను ఇంట్లో దాటించడం దాదాపు అసాధ్యం. టూ-స్పాట్ రకంలో గుడ్లు తక్కువ, పెద్దవి. పిల్లలు పుట్టగానే నేల మీద పాకుతాయి. అమెరికాలోని వుడ్స్ హోల్ మెరైన్ బయలాజికల్ లేబొరేటరీ, తూర్పు పసిఫిక్‌కు చెందిన ఒక చారల బుల్లి ఆక్టోపస్‌ను అనేక తరాలుగా ల్యాబులోనే పెంచగలిగింది. అది ఒక్క కాన్పుతో చనిపోకుండా పలుసార్లు గుడ్లు పెట్టే అరుదైన జాతి.

ఆ ల్యాబులో పుట్టిన పిల్లలు వెళుతున్నది పరిశోధకులకే. కొళత్తూరు దుకాణంలో కవరులో ఆక్టోపస్ కనిపిస్తే అది సముద్రంలో పట్టినదే అనుకోవాలి. ధర అడిగితే వెంటనే చెబుతారు. ఎప్పుడు పుట్టిందని అడిగితే, అమ్మేవాళ్లకూ తెలియదు.